బాయిల దిగినవా?

మా ఇంటి ఓనరమ్మ పోయిందన్న కబురు నాకు కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దానికి పైన మంచినీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందని ఎవరో అడిగిన ప్రశ్న ఉంది. దానికి కింద ఎవరి కారు ఎవరి గేటుకి అడ్డం పెట్టారన్న తగువు ఉంది. మధ్యలో ఆవిడ. నేనప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. పొద్దున నేను బయల్దేరేటప్పుడు గుమ్మం పక్కన రాతిమెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కనిపించిన మనిషి, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని మళ్లీ లేవలేదట. ఆ కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఒక పెద్దమనిషి 'ఆర్ఐపీ' అని కొట్టి ఊరుకున్నాడు. నిండు మనిషి పోతే మూడక్షరాలా? కాసేపటికి మళ్లీ ట్యాంకర్ సంగతి మొదలైంది.

మెట్రోలో ఎల్బీ నగర్ దిగి ఇంటికి చేరేసరికి వీధి మొదట్లో కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టేశారు. మనిషి ఇంకా ఇంట్లో ఫ్రీజర్ పెట్టెలో ఉంది, ఫ్లెక్సీ మాత్రం గాలికి ఊగుతోంది. పైన వరసగా నాయకుల ముఖాలు, అందరూ నవ్వుతున్నారు. ఏ ఎలక్షన్లకో తీయించుకున్న ఫోటోలు, చావు కబురు పైన కూడా నవ్వక తప్పదు. వాళ్ల కింద ఓనరమ్మ. ఏదో పెళ్లి ఫోటోలోంచి కత్తిరించినట్టున్నారు, పక్కన ఎవరిదో పట్టుచీర భుజం కూడా పడింది. ఆ కింద 'ఎల్.బి. నగర్ వాస్తవ్యురాలు' అని రాసి ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. చావింట్లో ఈ కోపమేంటని మీరు అడగొచ్చు. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపమే ముందొస్తుంది, మా అమ్మ పోలిక. అయినా ఆ ఒక్క లైను చూసి ఎందుకంత మండిందో చెప్పాలంటే శంషాబాద్ విమానాశ్రయం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఓనరమ్మది ఎల్బీ నగర్ కాదు. ఆవిడది తియ్యబాయి. పుట్టినిల్లూ అదే, మెట్టినిల్లూ అదే. శంషాబాద్ అవతల చిన్న ఊరు. బాయి అంటే బావి. ఊరి నడుమ రాళ్లతో కట్టిన దిగుడు బావి ఉండేదట. మెట్ల మీద నీళ్ల దాకా దిగి బిందె ముంచుకునేవారట. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పనైతే ఆ ఒక్కదాంట్లో నీళ్లు తియ్యన. అందుకని బావికి ఆ పేరు, బావి పేరే ఊరికి. "పిల్లను చూడనీకె వచ్చినోళ్లకు మొదలు గా నీళ్లే ఇచ్చేది. తాగినంక పిల్ల నచ్చలేదన్నోడు లేడు" అని చెప్పి నవ్వేది. కొత్త ఎయిర్‌పోర్టుకి భూములు తీసుకున్నప్పుడు ఆ ఊరు పోయింది. ఆవిడ 'పోయింది' అనేది కాదు. 'లేసిపోయింది' అనేది. పడుకున్న మనిషి లేచి ఎటో వెళ్లిపోయినట్టు. ఒక్కోసారి ఆ మాట సరిచేసుకునేది. "లేసిపోలే, లేపిండ్రు. భూమికి లెక్క కట్టిండ్రు బిడ్డా, లేదన. పేరుకు కట్టలే" అనేది.

ఊరు ఖాళీ చేసే రోజు అందరూ తలుపులు, దూలాలు, గిన్నెలు ట్రాక్టర్లలో వేసుకుంటుంటే ఆవిడ బావి పై మెట్టు ఊడబీకించి వేయించుకుందట. "రాయెందుకే, పట్నంల రాళ్లకు కరువా" అని మొగుడు తిట్టినా వినలేదట. ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక దాన్ని గుమ్మం పక్కన, వాకిట్లో వేయించింది. పై వాటాలో అద్దెకి దిగిన కొత్తలో నేను దాన్ని చాకిరేవు బండ అనుకుని బట్టల బకెట్ తెచ్చి పెట్టాను. లోపల్నుంచి కేక వేసింది. "గది బండ గాదు బిడ్డా, మెట్టు. కూసో, లేకుంటె దిగు. ఉతుకుడు మాత్రం వద్దు." ఎక్కడికి దిగాలి? మెట్టు కింద సిమెంటు వాకిలి తప్ప ఏముంది? ఆ వాకిట్లో, మెట్టుకి ఆనించి, ఒక మట్టి మూకుడు పెట్టి పిట్టల కోసం నీళ్లు పోసేది. ఆవిడకి మాత్రం ఏ నీళ్లూ రుచించేవి కావు. కుళాయి నీళ్లు చప్పన, బోరు నీళ్లు ఉప్పన, క్యాన్ నీళ్లయితే "తాగినా తాగినట్టుండదు." అయినా మూకుడు ఏ రోజూ ఎండనివ్వలేదు.

'ఓనరమ్మ' అని నేను పిలిస్తే పకపకా నవ్వేది. "నేనేం ఓనరునే? నా బాయి మీద గాలిమోటర్లు దిగుతున్నయ్, నన్ను ఓనరంటవేంది" అనేది. విమానాన్ని ఆవిడ ఎప్పుడూ గాలిమోటరు అనే అంది. ఎయిర్‌పోర్టుని ఎయిర్‌పోర్టు అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. నాకు డెంగీ వచ్చి మంచం పట్టినప్పుడు పూటపూటా జొన్నగటక కాచి పైకి మోసుకొచ్చింది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కొద్దమ్మా అంటే "ఎక్కుడు దిగుడు నాకు చిన్నప్పటి సంది అలవాటే" అంది. అద్దెకున్నవాళ్లని ఆవిడ కిరాయోళ్లు అనగా నేను వినలేదు. మమ్మల్ని 'పైనోళ్లు' అనేది, దేవతల గురించి చెప్తున్నట్టు.

ఇక ఆ ప్రశ్న. ఎవరు విమానం దిగి సూట్‌కేసుతో మా గేటు ముందుకొచ్చినా ఓనరమ్మ అడిగే మాట ఒకటే: "బాయిల దిగినవా?"

మా అమ్మ మొదటిసారి విమానమెక్కి రాజమండ్రి నుంచి వచ్చింది. చేతిలో పూతరేకుల డబ్బా, మెడలో ఉన్న నగలన్నీ, ముఖంలో ఆకాశం చూసొచ్చిన వెలుగు. క్యాబ్ దిగీ దిగగానే ఓనరమ్మ ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని, "ఏం వదినా, బాయిల దిగినవా?" అంది. మా గోదావరి వైపు ఇంక దారి లేదనుకున్న మనిషి 'ఏ నుయ్యో గొయ్యో చూసుకోవాలి' అంటుంది. నూతిలో దిగావా అని చుట్టాన్ని ఎవరూ పలకరించరు. అమ్మ ముఖం మాడిపోయింది. "శుభమా అని విమానంలో వస్తే నూతిలో దిగావా అంటుందేంటే ఈవిడ!" అని నాతో అని, ఆవిడ వైపు తిరిగి, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది వదిన గారూ" అని మొహం మీదే అనేసింది.

ఓనరమ్మకి కోపం రాలేదు. "నోరు మంచిగనే ఉండె వదినా. ఊరే లేకుంట వాయె" అంది.

తర్వాత ఇద్దరూ ఆ మెట్టు మీద కూర్చున్నారు. ఓనరమ్మ చెప్పింది, అమ్మ వింది. ఆఖరికి "నుయ్యి పూడ్చడం మహాపాపం కదండీ, ఎవరూ చెప్పలేదా వాళ్లకి?" అంది. చెప్పేవాళ్లెవరు? అప్పట్నుంచి అమ్మ ఎప్పుడొచ్చినా విమానం దిగి బయటికి రాగానే నాకు ఫోన్ చేసి "నూతిలో దిగానే, వచ్చేస్తున్నా" అని ఓనరమ్మకి వినపడేంత గట్టిగా అరిచేది. స్పీకర్ పెట్టమనేది ఓనరమ్మ. విని, ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు ముఖమంతా విప్పారేది.

ఈ పట్నంలో పేర్లు ఎలా మిగులుతాయో, ఎలా పోతాయో అన్న ధ్యాస ఆవిడకి బాగా పట్టుకుంది. బస్సులో కోఠి వెళ్తుంటే బోర్డులు చదివించుకునేది. "గచ్చిబౌలిల బాయి ఏది? అద్దాల మేడలున్నయ్. పుత్లీబౌలిల బాయి ఏది? బస్సులున్నయ్. బౌలి అంటె బాయే గద? బాయి లేకున్న వాళ్లకు పేరన్న ఉండె. మాకు బాయీ పాయె, పేరూ పాయె." ఇంటి మీద అప్పుడప్పుడూ నాదర్‌గుల్‌లో ఆ ఊరి పేరే పెట్టుకున్న చిన్న మైదానంలో విమానం నడపడం నేర్చుకునేవాళ్ల చిన్న విమానాలు చక్కర్లు కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. "గవి పిల్లమోటర్లు. చిన్నగుంటె ఏంది, ఊరి పేరు మీదనే ఎగురుతున్నయ్" అని మెచ్చుకునేది. మూసారాంబాగ్ కథ నేనే చెప్పాను. ఎప్పుడో నిజాం కొలువు చేసిన ఫ్రెంచి దొర ఒకడి పేరట అది. జనం నోట్లో నానీ నానీ సగం మూసా అయ్యాడు, సగం రాం అయ్యాడు. దొర లేడు, దొర తోటా లేదు, మెట్రో స్టేషన్ మీద మాత్రం భద్రంగా ఉన్నాడు. అది విని ఓనరమ్మ నోరు తెరుచుకుని చూసింది. సముద్రాల అవతల పుట్టినవాడి పేరు ఇన్ని తరాలు మోసిన ఊరికి, పక్కనే ఉన్న బావి పేరు బరువైపోయిందా?

విమానాశ్రయం పేరు కథ ఇంకా అన్యాయం. పాతది బేగంపేటలో ఉండేది. ఎవరో బేగం పేరున వెలసిన పేట. అక్కడ రెండు టెర్మినళ్లకి ఇద్దరు నాయకుల పేర్లుండేవి, బయటి దేశాల విమానాలకి ఒకాయన, లోపలి విమానాలకి ఇంకొకాయన. జనం మాత్రం ఎప్పుడూ బేగంపేట అనే అన్నారు. శంషాబాద్‌కి మారినప్పుడు ఒక పేరు వెంట వచ్చింది, రెండోది పాత చోటే ఉండిపోయింది. అక్కడ మొదలైంది రగడ. ఉండిపోయిన పేరుని లోపలి విమానాల టెర్మినల్‌కైనా పెట్టాలని కొందరు, ఇక్కడ ఆ పేరెందుకని కొందరు. రాష్ట్రం రెండైన రోజుల్లో అది అసెంబ్లీ దాకా, ఢిల్లీ దాకా పోయింది. ఇంత కొట్టుకున్నాక ఇప్పటికీ జనం ఏమంటున్నారు? శంషాబాద్ అంటున్నారు. అదైనా ఒక ఊరి పేరే కదా అని నేనంటే, "అవును, గంతదూరం వచ్చిండ్రు. ఇంకో నాలుగడుగులేస్తె తియ్యబాయి వస్తుండె" అంది ఓనరమ్మ.

ఆ రగడ మా కాలనీకీ వచ్చింది. మా కాలనీలో సగం గుంటూరు, కృష్ణా, గోదావరి వాళ్లం. సగం నల్లగొండ వాళ్లు, ఇక్కడి పాత ఊళ్ల వాళ్లు. ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో డ్రైనేజీ గురించి మీటింగ్ పెట్టుకున్నాం. టీ కప్పులు ఖాళీ అయ్యేసరికి డ్రైనేజీ పోయి విమానాశ్రయం వచ్చింది. "ఆయన తెలుగువాళ్లందరి మనిషండీ, ఆ పేరు వద్దంటారేంటి?" అని మావాళ్లు. "మా గడ్డ మీద మీ పేర్లేంది?" అని వాళ్లు. కుర్చీలు వెనక్కి జరిగాయి. అప్పుడు ఓనరమ్మ లేచింది. తన గేటు ముందు పొంగే మురుగు గురించి చెప్దామని వచ్చిన మనిషి.

"జర నన్నొకటి అడగనియ్యుండ్రి. గా ఇద్దరిల ఎవలన్న మా తియ్యబాయి నీళ్లు తాగిండ్రా?"

వెనక్కి జరిగిన కుర్చీల్లో ఒకటి రెండు ముందుకి జరిగాయి.

"వాళ్లు పెద్దోళ్లు, వాళ్ల మీద నాకేం కోపం లేదు. ఊరిచ్చింది మేము. పేరు పెట్టేటప్పుడు మమ్ముల ఒక్కడన్న పిలిచిండా? పుట్టిన పిల్లకు పేరు పెట్టనీకె తల్లిని అడగరా?"

ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి కళ్లజోడు తుడుచుకుంటూ, "పెద్దమ్మా, ఇది స్టేట్ లెవెల్ మ్యాటరు. నువ్వు కూర్చో" అన్నాడు. హాలంతా నవ్వింది. మావాళ్లూ నవ్వారు, వాళ్లూ నవ్వారు. అప్పటిదాకా కొట్టుకుంటున్నవాళ్లు ఆ ఒక్క నవ్వు దగ్గర కలిసిపోయారు. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా అరుచుకున్నారు. ఆవిడ గేటు ముందు మురుగు ఆ వానాకాలమంతా పొంగుతూనే ఉంది. మొన్న గ్రూపులో 'ఆర్ఐపీ' అని కొట్టింది ఆ కళ్లజోడు పెద్దమనిషే.

ఒకసారి నేను పూనా వెళ్తుంటే "నేనొస్త, నిన్ను తోలి వస్త" అని సాగనంపడానికి బయల్దేరింది. ఎల్బీ నగర్‌లో ఎయిర్‌పోర్ట్ బస్సెక్కాం. కండక్టర్ రాగానే నాకంటే ముందు తనే చెయ్యి చాపింది.

"తియ్యబాయి ఒకటి కొట్టు."

"గా స్టేజి లేదమ్మా ఈ రూట్ల."

"ఎందుకు లేదు? ఆఖరి స్టేజి గదే."

"ఆఖరిది ఎయిర్‌పోర్టమ్మా."

"నువ్వు దాన్ని ఏమన్న అనుకో కొడుకా. నేను దిగేది మాత్రం తియ్యబాయిలనే."

కండక్టర్ నా వైపు చూశాడు, మనిషి బాగానే ఉందా అన్నట్టు. నేనతని వైపు ఎలా చూశానో గానీ, మారు మాట్లాడకుండా టికెట్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అక్కడ బస్సు దిగాక ఓనరమ్మ కాసేపు అలాగే నిలబడింది. అద్దాల గోడలు, ట్రాలీలు, సెల్ఫీలు దిగేవాళ్లు. టెర్మినల్ తలుపు దగ్గర జవాను టికెట్ అడిగాడు. నాకుంది, ఆవిడకి లేదు. టికెట్ ఉన్నవాళ్లే లోపలికి రావాలని మర్యాదగానే చెప్పాడు. "మా బాయి కాడికి పోనీకె మాకే టికెట్టా?" అంది ఓనరమ్మ. నవ్వుతూనే అంది. నేను లోపలికెళ్లి అద్దంలోంచి చూశాను. నేల వైపు చూసుకుంటూ, చెప్పుతో రాస్తూ రాస్తూ నడుస్తోంది, ఎక్కడో ఒకచోట మెట్టు తగులుతుందన్నట్టు. ఆ రోజు విమానంలో ఇచ్చిన నీళ్ల సీసా మూత తీయకుండానే వెనక్కిచ్చేశాను.

ఓనరమ్మకి ఒక్కడే కొడుకు. వెంచర్లు వేస్తాడు. చెడ్డవాడు కాదు, తల్లికి ఏ లోటూ చెయ్యలేదు. కానీ పేర్లు పెట్టడమే పనిగా బతికే మనిషి అతను. చెరువు లేని చోట లేక్ వ్యూ అంటాడు, గుట్టను పగలగొట్టేసిన చోట హిల్ వ్యూ అంటాడు. ఓనరమ్మ ఎన్నోసార్లు అడిగింది, "ఒక్కదానికన్న తియ్యబాయి అని పెట్టురా, నీ పేరు చెప్పి దీపం పెడత." "గా పేరు పెడితె ఎవలు కొంటరే అమ్మా? పల్లెటూరనుకుంటరు" అనేవాడు. వాళ్ల కరపత్రాల మీద మాత్రం పెద్దక్షరాలతో 'ఎయిర్‌పోర్టుకు అతి చేరువలో' అని వేసుకునేవాడు. ఓనరమ్మ అది నాతో చదివించుకుని, "అంటె మా బాయికి దగ్గరనే అని రాసిండు. పేరు రాయనీకె మాత్రం సిగ్గయింది కొడుక్కు" అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

బోర్డు మీద పేరు ఎలాగూ రాదని తెలిశాక ఆవిడ ఇంకొకటి కోరుకోవడం మొదలుపెట్టింది. మా వైపు కాకికి పిండం పెడతారు, ఇక్కడ మూడో నాడు 'పిట్టకు పెట్టుడు' అంటారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. "నా పిట్టకు మాత్రం మా ఊళ్లె పెట్టుండ్రి" అనేది ఓనరమ్మ. కొడుకు అన్నం తింటూ "సరె సరె" అనేవాడు. నా ముందే ఎన్నిసార్లు అన్నాడో.

మొన్న మూడో నాడు చూస్తే శ్మశానం దగ్గరే కానిచ్చేద్దామని మాట్లాడుకుంటున్నారు. కొడుకు ఫోన్ ఒకటే మోగుతోంది. నాకు ఆగలేదు. అందరి ముందూ అడిగేశాను.

"అమ్మ ఎక్కడ పెట్టమందో మీకు గుర్తుందా?"

"గక్కడ ఊరేడున్నది టీచరమ్మా? గోడ ఉన్నది."

"అయితే గోడ దగ్గరే పెట్టండి. ఎన్ని వెంచర్లకి పేర్లు పెట్టారు మీరు! తల్లి చచ్చిపోతే ఫ్లెక్సీ మీద ఆవిడ ఊరి పేరు రాయడానికి చెయ్యి రాలేదా?"

పైన అద్దెకుండే మనిషికి ఇంత నోరేంటని వెనకాల ఎవరో గొణిగారు. గొణుక్కోనీ. కొడుకు ముఖం ఎర్రబడింది. తర్వాత ఫోన్ ఆపేసి, కారు తాళాలు తీసుకున్నాడు.

వెళ్లాం. ప్రహరీ పక్కనే రోడ్డు, గోడ పైన ముళ్లకంచె, సందుల్లోంచి చూస్తే అవతల అంతా గడ్డి. కొడుకు కారు దిగి ఆ చివరికీ ఈ చివరికీ నడిచాడు. గుర్తు పట్టడానికి చెట్టు లేదు, గుట్ట లేదు. ఆఖరికి ఒకచోట ఆగి "గీడనే కావొచ్చు" అన్నాడు. ఆకు పరిచి అన్నం, చిక్కుడుకాయ కూర, జొన్నరొట్టె, కోడికూర, కొంచెం కల్లు పెట్టాం. అంతలోనే మోటార్‌సైకిల్ మీద సెక్యూరిటీ కుర్రాడు వచ్చాడు.

"అన్నా, ఈడ బువ్వ పెట్టొద్దు. పిట్టలొస్తయ్. ఫ్లైట్లకు డేంజర్."

వాడు చెప్పింది న్యాయమే. పిట్ట అడ్డం వస్తే విమానంలో ఉన్నవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది, అందులో మా అమ్మ కూడా ఉండొచ్చు. నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గదు. న్యాయమైన రూలు మీద వచ్చే కోపమంత పాడు కోపం ఇంకోటి లేదు, తిట్టడానికి మనిషి దొరకడు.

"మా అమ్మది గీ ఊరే తమ్మీ" అన్నాడు కొడుకు. కాస్త ఆగి, "తియ్యబాయి" అన్నాడు. అతని నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు.

కుర్రాడు నొసలు ముడిచాడు. "తియ్యబాయా? గా పేరుతోని ఈడ ఊరేం లేదన్నా. నేను గీడోన్నే, మాది పక్కూరే."

వెటకారం కాదు, వాడికి నిజంగానే తెలీదు. పక్కూళ్లో పుట్టి పెరిగినవాడికి తెలీదు! అయితే ఇంతేనా? ఒక ఊరు జనం నోట్లోంచి చెరిగిపోవడానికి ఒక్క తరం చాలా? కొడుకు బిగుసుకుపోయాడు. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న నాయకుల్లో ఎవరికో చేద్దామని కాబోలు, ఫోన్ బయటికి తీశాడు. దాని వంక చూసి మళ్లీ జేబులో పెట్టేశాడు.

అప్పుడే గోడ లోపల ఢామ్మని పేలింది. నేను ఉలిక్కిపడ్డాను.

"ఏం లేదు మేడమ్, పటాకులు. పిట్టలను లేపుతున్నరు" అన్నాడు కుర్రాడు.

లోపలి గడ్డిలోంచి పిట్టలు ఒక్కసారిగా లేచాయి. కంచె దాటి, మా తలల మీదుగా, పట్నం వైపు పోయాయి. కొడుకు తలెత్తి అవి కనపడనంత దూరం పోయేదాకా చూశాడు. లేపడం అన్నది ఓనరమ్మ మాట. అతనికీ గుర్తొచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. వంగి, ఆకు మడిచి, రెండు చేతులతో పట్టుకుని కారెక్కాడు.

ఎల్బీ నగర్‌లో వీధి మొదట్లో నాయకులు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కొడుకు కారాపి దిగి ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు. చింపేస్తాడనుకున్నాను. చింపలేదు, ఆ కింది లైను ఒకసారి చదువుకుని ఇంట్లోకి వచ్చాడు. శ్మశానానికి పోదామన్నవాళ్లకి జవాబు చెప్పకుండా తిన్నగా రాతిమెట్టు దగ్గరికెళ్లి దాని మీద ఆకు పరిచాడు. అప్పుడు చూశాం, కింద మూకుడు ఎండిపోయి ఉంది. ఆవిడ పోయినప్పట్నుంచి అందులో నీళ్లు పోసినవాళ్లు లేరు, నాతో సహా. కొడుకే చెంబుతో తెచ్చి నింపాడు.

తీగ మీద కాకులున్నాయి. ఒక్కటీ కదలదు. వాకిలంతా నిలబడి చూస్తున్నాం. "ఏమన్న మాటియ్యిరా, మనసుల ఏదో ఉంచుకున్నది" అంది ఒక ముసలావిడ. "మనవరాలి పెండ్లి ధూంధాంగ చేస్తమే" అని ఎవరో అరిచారు. "యాదగిరిగుట్టకు పోయొస్తమే" అని ఇంకెవరో అరిచారు. కాకులు అటు తిరిగి కూర్చున్నాయి. నాకు మళ్లీ మండింది. బతికుండగా ఆవిడ ఏం అడిగిందో వీళ్లలో ఒక్కరు వినలేదు, ఇప్పుడు ఆవిడ అడగనివన్నీ ఇస్తామంటున్నారు.

కొడుకు మెట్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. చుట్టూ ఇంతమంది ఉన్నారని మరిచిపోయినట్టు, రాతికి దగ్గరగా వంగి, చిన్నగా అడిగాడు.

"అమ్మా, బాయిల దిగినవా?"

తీగ మీంచి ఒక కాకి వచ్చి మెట్టు మీద వాలింది. అన్నం వైపు చూడలేదు. ఒక్క గెంతులో మెట్టు దిగి, మూకుడులో ముక్కు ముంచి నీళ్లు తాగింది.